కుడి ప్యాడ్, ఎడమ ప్యాడ్

దుమ్ముగూడెం
6 నవంబరు 2025

ప్రియమైన రాజ్యానికి,

ప్రభువు కృపలో వందనాలు. నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావని మా వార్డెన్ చెప్పింది. ఇక్కడి టవరు సంగతి నీకు తెలిసిందే, కాస్త గాలి వీస్తే అది సెలవు పెడుతుంది. ఒకవేళ లైను కలిసినా నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. ఉత్తరమైతే నోరు మూసుకుని చివరిదాకా చదువుతావు. నలభై ఏళ్ళ నుంచీ నీకు అందుకే రాస్తున్నాను.

మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు గెలిచారు కదా. ఆ రోజు హాస్టల్లో టీవీ పెట్టించాను. వాన వల్ల మ్యాచ్ మొదలవడమే ఆలస్యమైంది. మన బ్యాటింగ్ అయ్యేసరికి వార్డెన్ వచ్చి పిల్లల్ని పడుకోమంది. రూలు రూలే, నేనూ కాదనలేదు. మర్నాడు పొద్దున పాల ఆటో బాబూరావు గేటు దగ్గరే కేకేశాడు, "గెలిచినం మేడం" అని. 2017లో ఫైనల్ చేజారినప్పుడు ఇతనే నాతో "ఆడోళ్ళ మ్యాచ్ ఎవడు చూస్తడు మేడం" అన్నాడు. ఆ మాట గుర్తు చేద్దామనుకుని ఊరుకున్నాను. పాలు పలచగా పోస్తాడని భయం.

ఆ రోజు పిల్లలు డ్రిల్ చెయ్యం అని మొండికేశారు. చరిత్ర చెప్పమన్నారు. వాళ్ళ పుస్తకాల్లో లేని చరిత్ర కాబట్టి డ్రిల్ టీచర్నైన నేనే చెప్పాలి. డెబ్భైల్లో ఆడవాళ్ళ క్రికెట్ సంఘం పెట్టుకున్న దగ్గర మొదలుపెట్టాను. వెస్టిండీస్ వాళ్ళు రావడం, పాట్నాలో మన జట్టు మొదటిసారి టెస్టు గెలవడం, రిజర్వేషన్ లేని బోగీల్లో పరుపు చుట్టలు మోసుకుంటూ తిరగడం, జట్టు మొత్తానికి రెండు మూడు బ్యాట్లు ఉండడం చెప్పాను. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఒక్క టెస్టూ లేకుండా గడిచిన రోజులు చెప్పాను. 2005 ఫైనల్, మరుసటేడు మగవాళ్ళ బోర్డు మనవాళ్ళను తనలో కలుపుకోవడం, 2017 ఫైనల్, ఇప్పుడు ఈ కప్పు.

చివర్లో మన కథ కూడా చెప్పాను. కొత్తగూడెంలో మా నాన్న ఆదాము గని క్లబ్బులో మగవాళ్ళు మూలన పడేసిన ప్యాడ్ల జతను అడిగి తెచ్చిన సంగతి, పట్టీలు తెగితే మా అమ్మ విశ్రాంతమ్మ పాత చెప్పుల బెల్టులు కోసి కుట్టిన సంగతి. నాది ఎడమచేతి వాటం, నీది కుడిచేతి వాటం. బంతి ఎక్కువగా తగిలేది ముందు కాలికే కాబట్టి నాకు కుడి ప్యాడ్, నీకు ఎడమ ప్యాడ్. ఒకే జత కట్టుకుని ఇద్దరం ఓపెనింగ్‌కు దిగేవాళ్ళమని చెబితే పిల్లలు పడీ పడీ నవ్వారు. అలాగే జాతీయ క్యాంపు దాకా వెళ్ళామని, అక్కడి నుంచి ఇద్దరినీ ఇంటికి పంపేశారని కూడా చెప్పాను. గుమ్మం దాకా రానిచ్చారు, అదే చాలనుకున్నాం అప్పట్లో.

గోరి ఒక్కతే నవ్వలేదు. "ఖాళీ కాలికి తగిలితే ఎట్ల మేడం?" అని అడిగింది. "తగలకుండ ఆడాలె" అన్నాను.

ఈ గోరి పదో తరగతి పిల్ల, నాలాగే ఎడమచేతి వాటం. నా ఉద్యోగంలో ఇంత మంచి చెయ్యి నేను చూడలేదు. అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో మన భద్రాచలం అమ్మాయి ఉందని తెలిసినప్పటి నుంచీ ఇక్కడి పిల్లలకు క్రికెట్ అంటే పిచ్చి. గోరికి మాత్రం అంతకు ముందు నుంచే ఉంది. వచ్చే నెల ఖమ్మంలో అండర్-19 క్యాంపుకు జరిగే సెలక్షన్స్‌కు పంపుతున్నాను. అక్కడ దొరికితే హాస్టలు, కోచింగు, చదువు అన్నీ దొరుకుతాయి. దొరకకపోతే వేసవిలో నేను రిటైరవుతాను, ఆమె టెన్త్ అయిపోయి ఇంటికి పోతుంది, మిర్చి ఏరడానికి కూలికి పోతుంది. మళ్ళీ బ్యాటు పట్టే చోటు ఉండదు. నా బాధల్లా ఇదొక్కటే.

ఎలుకలు మొన్న ఒక కీపింగ్ గ్లవ్ కొరికేశాయి. మన కుడి ప్యాడ్ ఇంకా నా దగ్గరే ఉంది. స్టోర్‌రూమ్‌ది రెండు రెక్కల తలుపు. ఒక రెక్కకు దాన్ని అడ్డం పెడతాను. రెండోది గాలికి కొట్టుకుంటూనే ఉంటుంది. నీ ఎడమ ప్యాడ్‌ను అద్దాల పెట్టెలో పెట్టించావట, నిజమేనా?

నీ ఎడమచేతి వాటం,
గ్రేస్

*

వైరా
15 నవంబరు 2025

ప్రియమైన గ్రేసమ్మకు,

నీ వందనాలు అందాయి, నా దీవెనలు అందుకో. వయసులో నీకంటే పెద్దదాన్నని మర్చిపోతుంటావు.

నిజమే, అద్దాల పెట్టెలోనే పెట్టించాను. హాల్లో టీవీ పక్కన ఉంది, లోపల చిన్న లైటు కూడా ఉంది. నువ్వేమో తలుపుకు అడ్డం పెట్టుకున్నావు. సిగ్గు లేదుటే నీకు? అది చరిత్ర. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి కథ చెబుతాను. "కాఫీ ముందు తాగెయ్యండి, కథ అయ్యేలోపు చల్లారిపోతుంది" అని మా ఆయన వెంకటరామారావు గారు వచ్చినవాళ్ళకు ముందే చెబుతుంటారు. సెలక్షన్ కమిటీలో కూడా చెబుతాను. మా చైర్మన్ జయప్రకాశ్ అని కుర్రవాడు, నిన్న మొన్నటి దాకా ఆడినవాడే, మంచివాడు. అతనికి ఈ కథ కంఠస్థం వచ్చేసింది. అయినా చెబుతాను. ఏసీ బస్సులో వచ్చి మంచి హోటల్లో దిగే ఈ కాలం పిల్లలకు మనం పడ్డ పాట్లు తెలియాలి కదా.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ సెలక్షన్ కమిటీలో నేనున్నానని తెలిసి కూడా నువ్వు పిల్ల పేరు రాసేశావు. ఎడమచేతి వాటమనీ, మంచి చెయ్యి అనీ, దొరక్కపోతే కూలికి పోతుందనీ రాశావు. నీకు బుద్ధి ఉందా? ఇప్పుడు నేనేం చేసినా తప్పే. ఆ పిల్లకు మార్కులు వేస్తే స్నేహితురాలి శిష్యురాలని అంటారు, వెయ్యకపోతే నీ మొహం చూడలేను.

అందుకని ఆలోచించి జయప్రకాశ్‌కు ముందే చెప్పేశాను. దుమ్ముగూడెం నుంచి వచ్చే పిల్ల నా స్నేహితురాలి శిష్యురాలు, ఆమె పేరు పిలిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచిపోతాను, నా మార్కులు ఉండవు అని. "మంచిది మేడం" అన్నాడు. నీకు కోపమొస్తే రానీ. అంతా అయ్యేదాకా ఫోన్ కూడా చెయ్యకు. నీ ఫోన్ కలవదనుకో, అయినా చెబుతున్నాను.

గ్లవ్స్ సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళయినా మన అడవి పక్క బళ్ళ గతి మారలేదన్నమాట. ఇదంతా అయ్యాక ఒక కిట్ కొని పంపిస్తాను. వద్దనకు.

నీ కుడిచేతి వాటం,
రాజ్యశ్రీ

*

దుమ్ముగూడెం
28 నవంబరు 2025

ప్రియమైన రాజ్యానికి,

కుర్చీలోంచి లేస్తానన్నావు, సబబే. నాకు కోపం రాలేదు. పేరు రాయడం నా బుద్ధి తక్కువే. ఆ పిల్ల గురించి ఇక ఒక్క ముక్క రాయను. సిఫారసు వద్దు. నలుగురూ కళ్ళు తెరిచి చూస్తే చాలు.

నేను రావడం లేదు. నేనొచ్చి బౌండరీ దగ్గర నిలబడితే నీకు ఇబ్బంది. ఆమె నాయన దూలయ్య తీసుకొస్తాడు. పొద్దున మొదటి బస్సుకు భద్రాచలం వెళ్ళి, అక్కడి నుంచి ఖమ్మం బస్సు ఎక్కుతారు. రాత్రి ఉండడానికి మా చర్చి సంఘస్థులింట్లో ఏర్పాటు చేశాను. దూలయ్య ఖమ్మం మిర్చి యార్డుకు తప్ప ఇంకెక్కడికీ పోయినవాడు కాదు. "గ్రౌండ్ యార్డంత ఉంటదా మేడం?" అని అడిగాడు.

పిల్ల కిట్ బ్యాగును నిన్నటి నుంచి నాలుగుసార్లు సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. ప్రార్థన చేసి పంపుతున్నాను. కిట్ కొనవద్దు, ఆ సంగతి తరువాత మాట్లాడుకుందాం.

నీ ఎడమచేతి వాటం,
గ్రేస్

*

వైరా
10 డిసెంబరు 2025

ప్రియమైన గ్రేసమ్మకు,

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు వెనకాడాను. గోరి పేరు లిస్టులో లేదు. ముందే చెప్పేశాను, ఇక ఎలా జరిగిందో చదువు.

సెలక్షన్స్ రెండు రోజులు జరిగాయి. గ్రౌండుకు ఈ చివర ఒక నెట్, ఆ చివర సైట్‌స్క్రీన్ వెనక ఇంకో నెట్. ఒకేసారి ఇద్దరేసి పిల్లల్ని పిలిచి ఒక్కో నెట్‌కు ఒకర్ని పంపారు. గోరి మా నెట్‌కు వచ్చింది. పేరు వినగానే నేను కుర్చీలోంచి లేచి వెనక టెంటు కిందికి పోయి నిలబడ్డాను. అక్కణ్ణుంచీ కనబడుతూనే ఉంది. పిల్ల గార్డు తీసుకుంది. కుడి కాలికి ప్యాడ్ ఉంది. ఎడమ కాలికి లేదు.

గ్రేసూ, నువ్వే నిలబడ్డట్టుంది. వెనక కూర్చున్న పిల్లలు, తల్లిదండ్రులు నవ్వడం మొదలుపెట్టారు. జయప్రకాశ్ "ఏంది, ఇంకో ప్యాడ్ మర్చిపోయి వచ్చిందా?" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. బాగానే ఆడింది, కవర్స్ మీదుగా రెండు కొట్టింది, చూడముచ్చటగా. కానీ ప్రాథమిక జాగ్రత్త కూడా నేర్పలేదని కమిటీ వాళ్ళు మార్కులు తగ్గించారు.

నేను మార్కులు వెయ్యనన్నాను గానీ నోరు మూసుకుంటానని అనలేదు. సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు లేచి చెప్పాను. ఆ బళ్ళో సామాను లేదు, ఒకే జతను ఇద్దరు పంచుకుంటారు, ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఒక్క ప్యాడ్‌తోనే ఆడింది, అది నిర్లక్ష్యం కాదు, అలవాటు అని. మన కథ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఈసారి అందరూ విన్నారు. జయప్రకాశ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గట్లనా మేడం. అయితే రేపు ఇంకో చాన్సిద్దాం. ఆమెకు అలవాటైన తీరుగనే ఆడనిద్దాం" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నీ పిల్లను నేనే కాపాడానని అనుకున్నాను.

రెండో రోజు ఆమెను పిలిచి "నిన్న ఎట్ల ఆడినవో గట్లనే ఆడు బిడ్డా" అని చెప్పారు. ఆ రోజు రెండు ప్యాడ్లతో వస్తే, ఎవరినో అడిగి కట్టుకుందనుకుని ఎడమది విప్పించారు. ఈసారి కొత్త బంతి, వేసేవాడు కూడా వేగం గలవాడు. కాసేపటికే ఒక బంతి లోపలికి వచ్చి ఖాళీ కాలి ముందు ఎముక మీద తగిలింది. కూలబడింది, మళ్ళీ లేచి నిలబడింది. ఏడవలేదు. కానీ ఆ తరువాత కాలు కదపలేకపోయింది. రెండుసార్లు బౌల్డయింది. ఇక ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఇప్పుడు ఒక మాట అంటాను, తిట్టుకోకు. కాలం మారింది. మనకు గతి లేక ఆడాం. ఈ రోజుల్లో కూడా పిల్లలకు ఒక్క ప్యాడ్‌తో ఆడడం నేర్పితే ఎలా? నాకు ఒక్క కార్డు ముక్క రాస్తే జతలు పంపించేదాన్ని కదా. నీ మొండితనం వల్ల ఆ పిల్లకు నష్టం జరిగింది. బాధతో రాస్తున్నాను, కోపంతో కాదు.

పిల్ల కాలు ఎలా ఉందో రాయి.

నీ కుడిచేతి వాటం,
రాజ్యశ్రీ

*

దుమ్ముగూడెం
16 డిసెంబరు 2025

రాజ్యశ్రీకి,

కాలు వాచింది. భద్రాచలం దవాఖానాలో ఎక్స్‌రే తీశారు, ఎముకకు ఏమీ కాలేదు. నీ ఉత్తరం వచ్చాక ఒక పూట కోపం చల్లార్చుకుని రాస్తున్నాను. పూర్తిగా చల్లారలేదు.

నా స్టోర్‌రూమ్‌లో ఎన్ని జతల ప్యాడ్లు ఉన్నాయో నువ్వు ఎప్పుడైనా అడిగావా? నా దగ్గర ఆడే ప్రతి పిల్లకూ ఒక జత ఉంది. మా పాత విద్యార్థులు ఉద్యోగాల్లో చేరాక కొనిచ్చారు. హెల్మెట్లు ఉన్నాయి. ఎలుకలు కొరికిన గ్లవ్‌కు బదులు కొత్తది వచ్చింది కూడా. గోరి నా దగ్గర ఒక్క ప్యాడ్‌తో ఒక్క బంతి కూడా ఆడలేదు. నేను ఆడనివ్వను. నా ఎడమ కాలి మీద మచ్చలు నీకు గుర్తున్నాయి కదా.

ఏం జరిగిందో నేను వాళ్ళ ఇంటికి పోయి పిల్లను అడిగాను. మీలో ఒక్కరూ అడగని ప్రశ్న.

ఆ రోజు లైన్లో ఆమె వెనక సత్తుపల్లి నుంచి వచ్చిన సాహిత్య అనే పిల్ల నిలబడి ఉంది. కుడిచేతి వాటం. ఆమె కిట్ బ్యాగు బస్సు డిక్కీలోనే ఉండిపోయింది, బస్సు వెళ్ళిపోయింది. ఎవరి సామాను వాళ్ళే తెచ్చుకోవాలని మీరు చెప్పారు కదా. బ్యాటు, గ్లవ్స్ ఎవరో ఇచ్చారు. ప్యాడ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో అని కట్టుకుని కూర్చున్నారు. ఆ పిల్ల ఏడుస్తూ నిలబడింది. అంతలో ఇద్దరినీ ఒకేసారి పిలిచారు, నీ నెట్‌కు ఒకరు, ఆ చివరి నెట్‌కు ఒకరు.

గోరి మాటలు గోరి చెప్పినట్టే రాస్తున్నాను. "ఆమె రైట్, నేను లెఫ్ట్. ఆమెకు ఎడమది గావాలె, నాకు కుడిది గావాలె. మీరు జెప్పిన్రు గద మేడం. విప్పి ఇచ్చిన."

అంతే జరిగింది. రెండో రోజు ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. "సారు ఎడమది విప్పుమన్నడు. నిన్న ఇచ్చినందుకు శిక్ష ఏమో అనుకున్న. పేరు జెప్తే ఆమెను గూడ తీసేస్తరేమో అని చెప్పలే" అంది.

దూలయ్య నా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాడు. "మా పిల్ల ఏం తప్పు జేసింది మేడం? ఇంకోలకు ఇచ్చుడు తప్పా?" ఆ జవాబు నువ్వు చెప్పు.

రాజ్యం, నువ్వు కుర్చీలోంచి లేచావు, మంచిదే. అక్కడితో ఆగినా బాగుండేది. నువ్వు ఆ పిల్ల కాళ్ళు చూసి మన కాళ్ళనుకున్నావు. నిర్లక్ష్యమనుకున్న వాళ్ళు ఆమె మార్కులు మాత్రమే తగ్గించారు. నువ్వు జాలిపడి ఆమె ప్యాడ్ విప్పించావు. వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పిన కథ నీకు ఎంత ఇష్టమైపోయిందంటే, ఎదురుగా ఒక పిల్ల కొత్తగా చేసిన పని నీకు కనబడలేదు. ఆమెకు ఆ ఆలోచన ఇచ్చింది కూడా మన కథే.

కిట్ పంపకు. నా మీద జాలి వద్దు, మా బడి మీద అసలే వద్దు. ఎవరికి ఏం చెప్పావో వాళ్ళ దగ్గరికే వెళ్ళి అది తప్పని చెప్పు. అంతకంటే నేను అడిగేది లేదు.

గ్రేస్

*

వైరా
29 డిసెంబరు 2025

ప్రియమైన గ్రేస్‌కు,

నీ ఉత్తరం కింద ఎడమచేతి వాటం లేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి. ముందు అదే చూశాను, తరువాత మిగతాది చదివాను. ఆ రోజు అన్నం సయించలేదు. ఏమైందని మా ఆయన అడిగితే ఉత్తరం చేతికిచ్చాను. ఆయన చదివి, హాల్లో అద్దాల పెట్టెలోని లైటు ఆర్పేసి వచ్చి కూర్చున్నారు.

మర్నాడే ఖమ్మం వెళ్ళాను. ఫోన్‌లో చెప్పొచ్చు, కానీ కథ నిలబడి చెప్పాను కాబట్టి తప్పు కూడా నిలబడే చెప్పాలనిపించింది. జయప్రకాశ్‌ను, కమిటీలోని మిగతా ఇద్దరినీ పిలిపించాను. నేను చెప్పినదాంట్లో ఒక్కటీ నాకు తెలిసి చెప్పినది కాదు, ఊహించి చెప్పాను, ఆ పిల్లకు దెబ్బ తగలడానికి నేనే కారణం అని చెప్పాను.

జయప్రకాశ్ అప్పుడే ఆ చివరి నెట్ చూసిన కోచ్‌కు ఫోన్ చేశాడు. ఆయన ఏమన్నాడో విను. "అవ్ సార్, ఆ సాహిత్య గూడ ఒక్క ప్యాడ్‌తోనే ఆడింది. ఇప్పటి పిల్లల ఫ్యాషనేమో అనుకున్న." ఒకే గ్రౌండులో ఈ చివర కుడి ప్యాడ్, ఆ చివర ఎడమ ప్యాడ్. రెండూ కలిపి చూసినవాడు లేడు. చూడవలసిన దాన్ని నేను.

సాహిత్యకు కూడా ఫోన్ చేశాం. ఆమె లిస్టులో ఉంది. అడగ్గానే ఏడ్చేసింది. "నేనే చెప్దామనుకున్నా మేడం, నన్ను తీసేస్తారని భయమేసింది. ఆ అక్క పేరు కూడా సరిగా తెలియదు నాకు" అంది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అనలేదు. తీసెయ్యరు కూడా, ఆ మాట జయప్రకాశ్ ఆమెకు ఫోన్‌లోనే చెప్పాడు.

ప్రకటించిన లిస్టును ఇప్పుడు మార్చలేమన్నాడు. కానీ జనవరిలో క్యాంపుకు ముందు ఒక ప్రాక్టీసు మ్యాచ్ ఉంది. లిస్టులో లేని కొందరిని కూడా దానికి పిలుస్తారు. బాగా ఆడినవాళ్ళను క్యాంపుకు కలుపుకుంటారు. గోరిని పిలుస్తున్నారు. ఇది దయ కాదు, నువ్వు తప్పు పట్టకు, ఆ మొదటి రోజు ఆటకు ఆమెకు రావలసిందే. ఆ మ్యాచ్‌కు నేను గ్రౌండుకు రాను, మార్కులు వెయ్యను, ఎవరికీ ఏమీ చెప్పను. జయప్రకాశ్‌కు అదే చెప్పాను. "కథ కూడా చెప్పరా మేడం?" అన్నాడు. చెప్పనన్నాను.

వచ్చే ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాను. నీకోసం కాదు, ఆ పిల్లతోనూ దూలయ్యతోనూ మాట్లాడాలి. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. ముందు అడుగుతాను, తరువాత చెబుతాను. కోడిని కొయ్యకు. నువ్వు రానివ్వనంటే గేటు బయట నిలబడతాను.

నీ కుడిచేతి వాటం, నువ్వు ఒప్పుకుంటే,
రాజ్యశ్రీ

*

దుమ్ముగూడెం
25 జనవరి 2026

ప్రియమైన రాజ్యానికి,

ప్రభువు కృపలో వందనాలు. గ్రౌండుకు రానని నువ్వే ఒట్టు పెట్టుకున్నావు కాబట్టి అక్కడ ఏం జరిగిందో నేనే రాయాలి. మధ్యలో కలగజేసుకోకుండా చదువు.

ముందు నీ ఆదివారం సంగతి. నువ్వు బస్సెక్కి పోయాక గోరి "గంత పెద్దామె నాకు సారీ జెప్పింది మేడం, నాకే సిగ్గయింది" అంది. దూలయ్య మాత్రం "వచ్చి అడిగింది, అది మంచిగున్నది" అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద మాట నేను వినలేదు.

మ్యాచ్‌కు నేనే తీసుకెళ్ళాను. జయప్రకాశ్ లిస్టులో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ కలిపి రెండు జట్లు చేశాడు. మా జట్టుకు ఓపెనింగ్ ఎవరో తెలుసా? గోరి, సాహిత్య. అతను కావాలని చేశాడో, ఎడమ కుడి జోడీ బాగుంటుందని చేశాడో అడగలేదు. ఇద్దరూ బౌండరీ తాడు దగ్గర నిలబడ్డారు. గోరి ఆ పిల్ల కాళ్ళ వైపు చూసి "ఈసారి తెచ్చుకున్నవా?" అని అడిగింది. సాహిత్య రెండు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటి ఎత్తి చూపించింది. నవ్వుకుంటూ లోపలికి పోయారు. ఇద్దరు పిల్లలకు నాలుగు ప్యాడ్లు. చూస్తుంటే నాకు సామాను కాస్త ఎక్కువైనట్టనిపించింది.

మొదటి ఓవర్లోనే ఒక బంతి లోపలికి వచ్చింది. అదే బంతి రాజ్యం, సరిగ్గా ఎడమ కాలికి. నేను కళ్ళు మూసుకున్నాను. ప్యాడ్‌కు తగిలిన శబ్దం వినబడింది. కళ్ళు తెరిచి చూస్తే గోరి వంగి తన ఎడమ ప్యాడ్‌ను బ్యాటుతో ఒకసారి తట్టింది. మళ్ళీ నిలబడి గార్డు తీసుకుంది. ఆ తరువాత కాలు ఎక్కడా ఆగలేదు. కవర్స్ మీదుగా నువ్వు చెప్పిన ఆ దెబ్బ నేను కూడా చూశాను. నువ్వు తక్కువ చేసి రాశావు. అర్ధశతకం దాటాక రనౌట్ అయింది, సాహిత్య పిలిచి వెనక్కి పొమ్మంది. పెవిలియన్‌కు వచ్చి "పోనీ మేడం, ఆమె ఉన్నది గద" అని నీళ్ళు తాగింది.

సాయంత్రం జయప్రకాశ్ నా దగ్గరికి వచ్చాడు. "క్యాంపుకు పంపుతున్నం మేడం. ఇద్దరికీ ఒకటే రూము ఇప్పిస్తున్న" అన్నాడు. హాస్టల్లో చేరే తేదీ, తెచ్చుకోవలసినవి చెప్పాడు. దూలయ్యకు చెబితే, అక్కడ అన్నం ఎట్ల పెడతారని అడిగాడు. మంచిగ పెడతరు అన్నాను. టెన్త్ పరీక్షలు అక్కడి నుంచే వచ్చి రాస్తుంది.

ఇక నీ దొంగతనం సంగతి. ఆ ఆదివారం నువ్వు టవల్‌లో చుట్టి తెచ్చినదేమిటో అప్పుడు నాకు తెలియలేదు. నువ్వు పోయాక తాళం వేద్దామని స్టోర్‌రూమ్‌కు వెళితే, నా కుడి ప్యాడ్ పక్కన నీ ఎడమది కూర్చుని ఉంది. మా అమ్మ కుట్టిన చెప్పుల పట్టీలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. నీ హాల్లో అద్దాల పెట్టెలో ఇప్పుడు ఏం పెట్టావు? వచ్చినవాళ్ళు కాఫీ వేడిగా తాగుతున్నారా?

దాన్ని రెండో రెక్కకు అడ్డం పెట్టాను. పొద్దున పిల్లలు వచ్చి ఎవరి జత వాళ్ళు తీసుకుని గ్రౌండుకు పోతారు. తలుపు ఇప్పుడు కొట్టుకోవడం లేదు.

నీ ఎడమచేతి వాటం,
గ్రేస్